ఆనాటి వాద్యాలు, ఈనాటి అద్దె: బరోక్ వాద్యకారులుగా బతకడం ఎలా

నేను బరోక్ చెల్లో, వయోలా ద గాంబా (మోకాళ్ల మధ్య పట్టి కమానుతో వాయించే పాత వాద్యం) వాయించి బతుకుతున్నాను. బరోక్ అంటే సుమారు 1600 నుంచి 1750 దాకా నడిచిన ఐరోపా సంగీతం; దాన్ని ఆ కాలపు వాద్యాలతోనే వాయించడం మా పని. నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ఇల్లు, రైళ్లలో కాపురం. కన్సర్వేటరీ (సంగీత కళాశాల) చివరి సంవత్సరంలో ఉన్న పిల్లలూ, ఆధునిక ఆర్కెస్ట్రాలో విసిగిపోయిన పెద్దవాళ్లూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ఈ పాత వాద్యాలతో కూడు దొరుకుతుందా అని. దొరుకుతుంది. అయితే దాన్ని సంపాదించి పెట్టేది మీరు అద్దం ముందు సాధన చేసే సోలో కాదు. ఈ రంగంలో సోలో వాయించి బతికేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన మేమంతా రెండో కుర్చీవాళ్లం, అంటే పక్కవాద్యం వాయించేవాళ్లం. ఆ కుర్చీలో కుదురుగా కూర్చోవడం వచ్చినవారికి మళ్లీ ఫోను వస్తుంది, రానివారికి రాదు. కింద రాసినదంతా ఆ ఫోను మోగడానికి ఏం చేయాలన్న సంగతే.

నెలజీతం సంగతి

సింఫనీ ఆర్కెస్ట్రా ఆడిషన్‌లో నెగ్గితే జీతం, సెలవులు, పింఛను ఉంటాయి. ఆనాటి వాద్యాల ఆర్కెస్ట్రాల్లో చాలావాటిలో అవేవీ ఉండవు. కచేరీల వరుస ఒకటి కుదిరితే మనుషులను పిలుస్తారు, అది ముగిస్తే ఎవరి దారి వారిది. జూరిక్ ఒపేరాలోని లా షింటిల్లా లాంటి బృందం అరుదు. అక్కడ ఒపేరా ఆర్కెస్ట్రాలో జీతానికి ఉన్నవారిలోనే కొందరు పాతకాలపు వాద్యాలు చేతపట్టి ఇంకో బృందంగా కూర్చుంటారు. తక్కినచోట్ల ఆర్కెస్ట్రా అంటే ఒక పేరు, ఒక చిన్న ఆఫీసు, ఒక ఫోను నంబర్ల జాబితా.

ఇది ఇప్పుడు కొత్తగా దాపురించిన కష్టం కాదు. ఈ రంగానికి దారి వేసినవారిలో ఒకరైన నికొలస్ హార్నన్‌కూర్ 1953లో వియన్నాలో కొంచెంటుస్ మూజికుస్ అనే బృందం స్థాపించారు. తొలి బహిరంగ కచేరీ 1957లో. మధ్యలో నాలుగేళ్లు సాధనే. 1952 నుంచి 1969 దాకా ఆయన వియన్నా సింఫనీలో జీతానికి చెల్లో వాయించారు. బరోక్ చెల్లోకు పేరుపడ్డ అన్నర్ బైల్స్‌మా 1962 నుంచి 1968 వరకు ఆమ్‌స్టర్‌డామ్ కన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాలో ప్రధాన చెల్లిస్టు. హార్ప్సికార్డ్ (పియానోకు ముందరి కీబోర్డు) విద్వాంసుడు గుస్టావ్ లియోన్‌హార్ట్ చర్చిలో ఆర్గాన్ వాయించారు, జీవితమంతా పాఠాలు చెప్పారు. మహామహులే రెండో ఆదాయంతో ఇల్లు నడుపుకున్నప్పుడు మీరు వారానికి రెండు రోజులు పిల్లలకు పాఠాలు చెబితే ఎవరూ తక్కువగా చూడరు. చూసేవాళ్లుంటే వాళ్ల అద్దె ఎవరు కడుతున్నారో కనుక్కోండి.

ఒక బృందంలో చేరాలనుకున్నప్పుడు ముందు తెలుసుకోవలసింది అక్కడ మనుషులను ఎవరు ఎంచుకుంటారన్నది. 1986లో లండన్‌లో మొదలైన ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఏజ్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్‌ను వాద్యకారులే నడుపుకుంటారు. ఫ్రైబుర్గ్ బరోక్ ఆర్కెస్ట్రాదీ అదే తీరు. ఫ్రాన్స్ బ్రూగ్గెన్ 1981లో స్థాపించిన ఆర్కెస్ట్రా ఆఫ్ ది ఎయిటీన్త్ సెంచరీలో అయితే కచేరీ రాబడి అందరికీ సమానంగా పంచుతారు, కండక్టర్‌కూ అదే వాటా. ఇలాంటి చోట్ల వేదిక మీద నిలబడినవారిని మెప్పించి ఉపయోగం లేదు. మీ పక్కన కూర్చుని మీతో ఒకే స్వరపత్రం చూసిన మనిషి విరామంలో ఏమన్నారన్నదే మీ భవిష్యత్తు. ఒకే వ్యక్తి స్థాపించిన బృందాలు వేరే రకం. ట్రెవర్ పినాక్ ఇంగ్లిష్ కన్సర్ట్ 1972లో, క్రిస్టఫర్ హాగ్‌వుడ్ అకాడమీ ఆఫ్ ఏన్షియంట్ మ్యూజిక్ 1973లో, విలియమ్ క్రిస్టీ లెజ్ ఆర్ ఫ్లోరిసాన్ 1979లో అలా పుట్టినవే. అలాంటి బృందాల్లో సారథి రుచి, వాద్య విభాగ నాయకుల మాట చెల్లుతాయి. రెండు రకాలకూ ఒకే ఉత్తరం రాసి పంపేవాళ్లకు జవాబు రాకపోవడంలో వింత లేదు.

ముందు కమాను కొనండి

బరోక్ వయొలిన్ ఎక్కడ కొనాలి, ఎంతవుతుంది అన్నది అందరూ తొలి రోజే అడుగుతారు. కొనకండి. ముందు కమాను కొనండి. ఇప్పుడున్న వయొలిన్‌కో చెల్లోకో గట్ (పేగు) తీగలు కట్టండి, అర స్వరం కిందికి దించి శ్రుతి చేయండి. ఒక సంవత్సరం గడిచాక వాద్యం గురించి ఆలోచించండి.

దీనికి కారణముంది. నేడు అందరూ వాడే కమాను రూపం 1780లలో ఫ్రాన్స్వా టూర్ట్ చేతిలో స్థిరపడింది. మొన నుంచి మడమ దాకా ఒకే బలంతో స్వరాన్ని నిలబెట్టడానికి అది పుట్టింది. అంతకు ముందరి కమాను పుల్ల బయటికి వంగి ఉంటుంది, మొన తేలిక. కిందికి లాగితే బరువు, పైకి తోస్తే తేలిక. స్వరం పుట్టి, పెరిగి, దానంతట అదే సన్నగిల్లుతుంది. మాటలో ఒత్తు పలికే అక్షరం, తేలిపోయే అక్షరం ఉన్నట్టే ఇందులోనూ ఉంటాయి. గురువు పది పాఠాల్లో చెప్పలేనిది ఆ పుల్ల చేతికి నేర్పుతుంది. ఆధునిక కమానుతో ఖరీదైన బరోక్ వయొలిన్ వాయిస్తే ఆ ఖరీదు వృథా.

వాద్యం విషయంలో ‘అసలుది’ అన్న మాటకు మోసపోవద్దు. స్ట్రాడివారి చేసిన వయొలిన్లకే 19వ శతాబ్దంలో మెడలు మార్చి, వెనక్కి వంచి, లోపల ఉండే బాస్ బార్ అనే చెక్కపట్టీని లావు చేశారు. దాదాపు చెక్కుచెదరకుండా మిగిలిన వాటిలో ఒకటి 1690 నాటి మెడిచీ టెనర్ వయోలా, అది ఫ్లోరెన్స్ మ్యూజియంలో ఉంది. గడ్డం ఆనించే పలక 1820 ప్రాంతంలో లూయీ ష్పోర్ అనే వయొలిన్ విద్వాంసుడు పెట్టింది. చెల్లో కింది ఇనుప కాలు ఇంకా తరువాతి అలవాటు. వయొలిన్ ఇ తీగ ఉక్కుకు మారింది 20వ శతాబ్దంలో. కాబట్టి మీ చేతికి వచ్చే ‘పాత’ వాద్యం కూడా ఎవరో మళ్లీ వెనక్కి మార్చినదే కావచ్చు. బతికున్న మంచి తయారీదారు చేసిన నకలు వాయించడంలో నామోషీ లేదు. ఫ్లూట్లు, ఓబోల సంగతికి వస్తే దాదాపు అందరం నకళ్లే వాయిస్తాం. రెండు వందల ఏళ్ల చెక్క గొట్టం లోపల ఊపిరి తడి తగిలితే పగిలే ప్రమాదం ఉంది.

గట్ తీగలంటే గొర్రె పేగుతో పేనినవి. మార్చి నెలలో చల్లటి చర్చిలో ఒక శ్రుతి, దీపాలు వెలిగి జనం నిండాక ఇంకో శ్రుతి. మెత్తబడి పీచు లేస్తాయి, చెప్పకుండా తెగుతాయి. పెట్టెలో కొత్త తీగ ఉంటే చాలదు. ముందే కట్టి, లాగి, సాగడం ఆగాక విప్పి చుట్టిపెట్టుకున్న తీగ ఉండాలి. కచేరీ మధ్యలో కొత్త తీగ కట్టినవాళ్లు తరువాతి అరగంట బిరడాలు తిప్పుతూనే ఉంటారు, పక్కవాళ్లు పైకప్పు చూస్తూ ఉంటారు.

శ్రుతికి సంబంధించిన ఈ అంకెలు మీ తేదీలను శాసిస్తాయి. జర్మన్ బరోక్‌కు సాధారణంగా ‘ఏ’ (A) అనే స్వరం 415 హెర్ట్జ్, నేటి ఆర్కెస్ట్రాల్లో 440 ప్రాంతం. హైడన్, మొజార్ట్‌లకు 430. పాత ఫ్రెంచి సంగీతానికి 392. వెనిస్ సంగీతానికి కొందరు 465 దాకా వెళ్తారు. గట్ తీగ ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మారి స్థిరపడటానికి రోజులు పడుతుంది. శనివారం 415లో కాంటాటా, ఆదివారం పొద్దున 440లో మాంటెవెర్డి అని రెండు పనులూ ఒక్క వాద్యంతో ఒప్పుకోకండి. డబ్బు రెండింతలు వస్తుంది, పేరు సగం పోతుంది. రెండో వాద్యం సమకూరాకే అలాంటి వారాంతాలు.

చదువు

స్కోలా కాంటోరుమ్ బసిలియెన్సిస్ 1933లో బాసెల్‌లో మొదలైంది. హేగ్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్, బ్రేమెన్, కొలోన్, లయాన్, పారిస్, లండన్‌లలోనూ మంచి విభాగాలున్నాయి. న్యూయార్క్‌లో జూలియార్డ్ 2009లో ఈ కోర్సు పెట్టింది. చేరినవారికి పూర్తి ఫీజు మాఫీ. ఎక్కడ చేరాలో తేల్చేటప్పుడు సంస్థ పేరు కన్నా రెండు సంగతులు చూడండి. మీ గురువు ఇప్పటికీ వేదికల మీద వాయిస్తున్నారా? వాయిస్తుంటే తాను వెళ్లలేని కచేరీకి శిష్యుల పేరు చెప్పగలరు. ఆ ఊరి నుంచి రైల్లో రెండు మూడు గంటల్లో ఎన్ని ఆర్కెస్ట్రాలు ఉన్నాయి? నేను హేగ్ వదలకపోవడానికి కారణం సముద్రం కాదు, రైల్వే పట్టిక. ఆమ్‌స్టర్‌డామ్, యూట్రెక్ట్, ఆంట్వర్ప్, బ్రస్సెల్స్ అన్నీ దగ్గరే, కొలోన్ కూడా అందుతుంది. బాసెల్ చదువు గొప్పది, అక్కడి అద్దెలు కూడా.

సొంత వాద్యం కొనే స్తోమత లేకపోతే అరువుకు అడగండి. చాలా కన్సర్వేటరీలు ఇస్తాయి. నెదర్లాండ్స్‌లో జాతీయ సంగీత వాద్యాల నిధి ఉంది. జంప్‌స్టార్ట్ జూనియర్ ఫౌండేషన్ ప్రత్యేకంగా ఆనాటి వాద్యాలను యువ వాద్యకారులకు అరువిస్తుంది. దరఖాస్తులో మీ కలల గురించి రాయకండి. వచ్చే ఏడాది ఆ వాద్యంతో ఏయే కచేరీల్లో కూర్చుంటారో తేదీలతో రాయండి.

కోర్సులో చెప్పినా చెప్పకపోయినా జర్మన్ ఫ్లూట్ విద్వాంసుడు క్వాంట్స్ 1752లో ఫ్లూట్ గురించి రాసిన గ్రంథం చదవండి. పేరుకు ఫ్లూట్ గ్రంథమే గానీ అందులో పక్కవాద్యకారుల బాధ్యతల మీద పెద్ద అధ్యాయముంది. వయొలిన్, వయోలా, చెల్లో, బాస్, కీబోర్డు అని విడివిడిగా రాశాడు. చెల్లిస్టులకు ఆయన హెచ్చరిక ఏమిటంటే, కింది పంక్తికి సొంత అలంకారాలు తగిలించవద్దని. రాజు దగ్గర కొలువు చేసినవాడు, ఎవరి నోరు ఎక్కడ మూయించాలో బాగా తెలిసినవాడు. మా వృత్తికి అంతకన్నా సూటైన పాఠ్యపుస్తకాన్ని నేను చూడలేదు.

రెండో కుర్చీ అంటే ఏమిటి

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు పని ఇదే.

చెల్లో, హార్ప్సికార్డ్, ఆర్గాన్, లూట్, బాస్ కలిసి కింది పంక్తిని నడిపే జట్టును కంటిన్యువో అంటారు. ఈ జట్టుకు రాసి ఉండేది ఒక్క పంక్తి, పైన కొన్ని అంకెలు. కీబోర్డు వాయించేవారు ఆ అంకెలు చూసి స్వరసమూహాలను అప్పటికప్పుడు కూర్చుతారు. చెల్లో వాయించేవారికి అంకెలతో పనిలేదని మన బడులు అనుకుంటాయి. ఉంది. ఎక్కడ ఒరిపిడి వస్తుందో, ఎక్కడ అది సర్దుకుంటుందో అంకెలే చెబుతాయి. అది తెలియని చెల్లో ఒరిపిడి మీద మెత్తగానూ, సర్దుబాటు మీద గట్టిగానూ వాయిస్తుంది. హార్ప్సికార్డ్ వాయించేవారు తల తిప్పి ఒకసారి చూస్తారు. ఆ చూపుకు అర్థం వచ్చే నెలలో తెలుస్తుంది. చెల్లో, గాంబా, బసూన్ ఏది వాయించినా కీబోర్డు మీద ఫిగర్డ్ బాస్ (ఆ అంకెల విద్య) ఒక సంవత్సరమైనా నేర్చుకోండి.

శ్రుతి చేయడం కూడా వినయానికి పరీక్షే. చెల్లో తీగలను ‘ఏ’ తీగ నుంచి కిందికి శుద్ధ పంచమాలుగా శ్రుతి చేసే అలవాటు మనకు ఆధునిక బడిలో వస్తుంది. హార్ప్సికార్డ్ మీన్‌టోన్ అనే పాత శ్రుతి పద్ధతిలో ఉంటే దాని పంచమాలు కాస్త ఇరుకు. మూడు పంచమాలు దిగేసరికి మీ సి తీగ కీబోర్డు సి కన్నా స్పష్టంగా కిందికి పడుతుంది. కాబట్టి ‘ఏ’ ఒక్కటే కాదు, నాలుగు తీగలకూ స్వరం కీబోర్డు నుంచే తీసుకోండి. రిహార్సల్‌కు ఇరవై నిమిషాలు ముందు వచ్చి, శ్రుతి చేస్తున్న హార్ప్సికార్డ్ మనిషిని మాటల్లో పెట్టకుండా నిశ్శబ్దంగా కూర్చుని, ఆ పని అయ్యాక అడగండి. మంచి పేరు అక్కడే మొదలవుతుంది.

ఇక రెసిటేటివ్. గాయకులు మాట్లాడినట్టు పాడతారు, కింద మనం ఒక్కో స్వరం పెడతాం. పాషన్ అంటే క్రీస్తు శిలువ కథను ఈస్టర్‌కు ముందు పాడే పెద్ద రచన; బాక్ సెయింట్ మాథ్యూ పాషన్ స్వరలిపిలో కథకుడి మాటల కింద పొడుగు స్వరాలు కనిపిస్తాయి. వాద్యకారుల కోసం తయారైన పత్రాల్లో అవే పొట్టి స్వరాలు. ఏది వాయించాలో ప్రతి బృందానికీ ఒక అభిప్రాయముంది, కొన్ని బృందాల్లో ఇద్దరు మనుషులకు మూడు. మీ అభిప్రాయం అడిగేదాకా దాచుకోండి. అడగవలసింది మీరే, అదీ రిహార్సల్ మొదలుకాక ముందే: పొట్టిగానా, పొడుగ్గానా? ఆ తరువాత కళ్లు కాగితం మీద కాక గాయకుల నోటి మీద పెట్టండి. జర్మన్, ఇటాలియన్ మాటల అర్థం తెలియకుండా ఈ పని కుదరదు. నాకు తెలిసినవారిలో బాగా పని దొరికే చెల్లిస్టులు వేళ్ల వేగంలో అందరికన్నా ముందున్నవాళ్లు కారు. వాక్యం ఎక్కడ ముగుస్తుందో గాయకుల కన్నా అర క్షణం ముందు పసిగట్టేవాళ్లు.

వైబ్రాటో గురించి ఒక్క మాటతో సరిపెడతాను. స్వరకర్త మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ 1756లోనే, ప్రతి స్వరం మీదా చెయ్యి వణికించేవారిని ఎడతెగని జ్వరం పట్టినవారితో పోల్చి వెక్కిరించాడు. అంటే అప్పుడూ అలాంటివాళ్లు ఉన్నారన్నమాట. మీ బృంద నాయకుల చెయ్యి చూడండి, అంతే చేయండి.

ఇంకో వాద్యం చేతిలో ఉండాలి

బాక్ సెయింట్ జాన్ పాషన్‌లో గాంబాకు ఒకే ఒక్క ఆరియా ఉంది. సెయింట్ మాథ్యూలో కొద్ది చోట్ల. రెండు గంటలు కూర్చుని కొన్ని నిమిషాలు సోలో వాయించే మనిషిని వేరే పిలిపించాలంటే నిర్వాహకులకు రైలు టికెట్, హోటల్ గది ఖర్చు. చెల్లో వాయించే మనిషే గాంబా కూడా వాయించగలిగితే ఆఫీసులో అందరికీ ఊపిరి ఆడుతుంది. నా ఈస్టర్ వారాలు నిండేది ఈ చిన్న లెక్క వల్లే. బాక్ బ్రాండెన్‌బర్గ్ కాన్చెర్టోల్లో ఆరోది రెండు వయోలాలు, రెండు గాంబాలు, చెల్లో, వయొలోనే (పాతకాలపు బాస్)లకు రాసింది. ఒక్క వయొలిన్ లేదు. వయొలిన్ వాయించేవారు వయోలా పట్టడానికి మొహమాటపడితే ఆ వారం ఇంట్లోనే ఉంటారు. మంచి వయోలాకు ఉన్న గిరాకీ మంచి వయొలిన్‌కు లేదు, ఈ మాట వయొలిన్ వాళ్లు నమ్మరు.

ఓబో వారి పరిస్థితి ఇంకా కఠినం. బాక్ రచనలకు ఓబో దమోరే, ఓబో ద కాచ్చా అనే లోతు గొంతు ఓబోలు రెండూ కావాలి, రీడ్లు సొంతంగా చెక్కుకోవాలి. బసూన్ వారికి 17వ శతాబ్దపు సంగీతానికి బసూన్ పూర్వరూపమైన డల్షియన్ ఉండాలి. ఫ్లూట్ వారికి ఒకే మీట ఉన్న 415 వాద్యం ఒకటి, మొజార్ట్ కాలానికి 430ది ఇంకొకటి. కొమ్ము (హార్న్) వారు మీటలు లేని కొమ్ములో చెయ్యి దూర్చి స్వరాలు తీయడం నేర్వాలి. ట్రంపెట్ వారిలో రంధ్రాలున్న సహజ ట్రంపెట్ వాయించేవారు, రంధ్రాలు లేనిదే అసలైనదనేవారు అని రెండు జట్లున్నాయి. ఉద్యోగం కావాలంటే మొదటిది వాయించండి, వాదన కావాలంటే రెండోది.

ఫోను మోగినప్పుడు

ఇప్పుడు చాలావరకు అది ఈమెయిల్. వచ్చిన గంటలో జవాబివ్వండి. వీలైతే వీలని, లేకుంటే లేదని, చూసి చెబుతానంటే ఎప్పటిలోగా చెబుతారో తేదీతో సహా. వాద్యకారులను పిలిచే మేనేజర్ ఒకే సాయంత్రం పదిమందికి రాస్తూ ఉంటారు. మీ కన్నా బాగా వాయించే మనిషి రెండు రోజుల తరువాత జవాబిస్తే ఆ కుర్చీ మీదే. రాలేనప్పుడు ఇంకొకరి పేరు సూచించండి. మీ కన్నా మంచివారి పేరు సూచించడానికి భయపడకండి. ఆ మనిషి తన వంతు వచ్చినప్పుడు మీ పేరు చెబుతారు.

ఒప్పుకునే ముందు అడగవలసినవి: పారితోషికంలో ప్రయాణ ఖర్చు కలిసి ఉందా, వేరా, రిహార్సళ్లు ఎన్ని రోజులు, హోటల్ ఎవరిది, శ్రుతి ఎంత, రేడియోకో వీడియోకో రికార్డు చేస్తే అదనంగా ఇస్తారా, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది. చెల్లోకు విమానంలో వేరే సీటు కొనాలి. ఆ టికెట్ ఎవరు కొంటారో ముందే రాతలో లేకపోతే మీ పారితోషికం చెల్లో పక్క సీట్లో కూర్చుని ప్రయాణిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది కచేరీ రద్దయితే ఏమిటన్నది. 2020 మార్చిలో ఈస్టర్ పాషన్లు వరుసగా రద్దయినప్పుడు ఒప్పందంలో ఆ వాక్యం ఉన్నవారికి కొంతైనా దక్కింది. నాకు ఒక నిర్వాహకుల నుంచి పూలగుత్తి బొమ్మతో ఈమెయిల్ దక్కింది. అప్పటి నుంచి పూల బొమ్మలు పంపేవారితో ముందు కాగితం మీద సంతకం చేయిస్తున్నాను.

జర్మనీలో వాయిస్తే విదేశీ కళాకారుల పన్ను కింద 15.825 శాతం అక్కడే కోస్తారు. ఒక్కో ప్రదర్శనకు 250 యూరోల లోపు పారితోషికానికి ఆ కోత ఉండదు. కోసినట్టు ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అది లేకుండా మీ సొంత దేశపు పన్ను ఆఫీసులో ఎంత మొత్తుకున్నా వినరు. ఐరోపా సమాఖ్యలో ఒక దేశంలో ఉంటూ ఇంకో దేశంలో వాయిస్తే సామాజిక బీమా ఏ దేశంలో కడుతున్నారో చూపే ఏ1 (A1) పత్రం ఉంచుకోండి, లేకుంటే సామాజిక బీమా రెండుసార్లు కట్టమంటారు. జర్మనీలో స్థిరపడితే క్యూన్‌స్ట్లర్‌సోషల్‌కాసెలో చేరండి. స్వతంత్ర కళాకారుల ఆరోగ్య, పింఛను చందాల్లో సుమారు సగం అది భరిస్తుంది. ఫ్రాన్స్‌లో అయితే 12 నెలల్లో 507 పని గంటలు చూపిస్తే కచేరీలు లేని రోజులకు భృతి వస్తుంది. అక్కడ ఒక కాషే, అంటే ఒక కచేరీ పారితోషికం, 12 గంటల కింద లెక్క. అందుకే ఫ్రెంచి మిత్రులు డిసెంబరులో 43 అన్న అంకెను జపిస్తూ ఉంటారు.

ఐరోపా పాస్‌పోర్టు లేనివాళ్లు చదువు ముగిశాక గడువు లెక్క చూసుకోవాలి. నెదర్లాండ్స్‌లో పని వెతుక్కోవడానికి ఒక సంవత్సరం ఇస్తారు, చదువు ముగిసిన మూడేళ్లలోపు దానికి దరఖాస్తు చేయవచ్చు. జర్మనీలో 18 నెలలు, స్విట్జర్లాండ్‌లో 6 నెలలే. ఈ గడువులో వచ్చే చిన్న పనికి కూడా రసీదు, ఒప్పందం దాచండి. తరువాతి అనుమతికి మీ సంగీతం కన్నా ఆ కాగితాలే ఎక్కువ పలుకుతాయి. ఏనుగు దంతం ఉన్న పాత కమాను మీకు వారసత్వంగా వచ్చి ఉంటే సరిహద్దు దాటే ముందు సైటీస్ (అంతరించే జీవజాతుల వ్యాపార ఒప్పందం) కింద ఇచ్చే వాద్య ధ్రువపత్రం తీసుకోండి, అది మూడేళ్లు పనికొస్తుంది. పరాయి దేశాల్లో వాయించే రోజులకు దంతం లేని కొత్త కమాను ఒకటి ఉంచుకోవడం ఇంకా మంచిది.

సొంత బృందం పెట్టాలా?

నలుగురు మించకుండా అయితే పెట్టండి. ట్రయో సొనాటా (రెండు పై వాద్యాలు, కింద కంటిన్యువో) వాయించడానికి నలుగురు చాలు, నలుగురూ ఒక కారులో పడతారు. ఆర్కెస్ట్రా పెడతామని వచ్చినవారికి నేను కాఫీ ఇస్తాను, సలహా ఇవ్వను. యార్క్‌లో యువ బృందాల పోటీ, బ్రూజ్‌లో సోలో వాద్యకారుల పోటీ జరుగుతాయి. ఆగస్టు చివర యూట్రెక్ట్‌లో ప్రాచీన సంగీతోత్సవం ఉంటుంది, 1982 నుంచి నడుస్తోంది. బహుమతి రాకపోయినా న్యాయనిర్ణేతలు, ఉత్సవ నిర్వాహకులు మిమ్మల్ని ఒకసారి విన్నట్టవుతుంది. వీడియో తీస్తే ఒకే ఎత్తున, కోత లేకుండా తీయండి. ఎడిట్ చేసిన వీడియో చూసి పిలిచినవాళ్లు రిహార్సల్‌లో దాన్నే ఎదురుచూస్తారు.

ఏడాది ఎలా నడుస్తుంది

పని అంతా ఒకేసారి వస్తుంది, ఒకేసారి పోతుంది. డిసెంబరులో మెసయ్య, క్రిస్మస్ ఒరటోరియో. ఈస్టర్‌కు ముందరి వారాల్లో పాషన్లు. నెదర్లాండ్స్‌లో ఆ రోజుల్లో ప్రతి ఊళ్లో ఒక సెయింట్ మాథ్యూ ఉంటుంది. నార్డెన్ పట్టణపు పెద్ద చర్చిలో నెదర్లాండ్స్ బాక్ సొసైటీ ఆ ఆనవాయితీని 1922 నుంచి నడుపుతోంది. ఆ రచనకు రెండు ఆర్కెస్ట్రాలు కావాలి, అంటే ప్రతి కచేరీకి కుర్చీలు రెండింతలు. కొత్తవాళ్లకు నా చుట్టుపక్కల తొలి పిలుపు తరచుగా వచ్చేది ఆ రెండో ఆర్కెస్ట్రాకే. వేసవిలో ఉత్సవాలు. జనవరి, ఫిబ్రవరి ఎండిపోతాయి. పాషన్ డబ్బు ఏప్రిల్‌లో చేతికి రాగానే దాన్ని పన్నెండుతో భాగించి చూసుకోండి, అప్పుడే అది ఎంతో తెలుస్తుంది.

ఎండిన నెలల్లో చేయవలసిన పని చాలానే ఉంది. తీగలు తెప్పించి సాగదీయడం, కమానుకు కొత్త వెంట్రుకలు కట్టించడం, పాత బిల్లుల బకాయిలు మర్యాదగా గుర్తుచేయడం. చేతుల నొప్పి ఏమైనా ఉంటే అప్పుడే వైద్యులకు చూపించండి, సీజన్ మధ్యలో ఎవరూ చూపించుకోరు. మ్యూజికా అంటిక్వా కొలోన్ అనే బరోక్ బృందాన్ని నడిపిన రైన్‌హార్ట్ గేబెల్ ఎడమచెయ్యి మొరాయిస్తే కమానును ఆ చేతికే మార్చుకుని వయొలిన్ మొదటి నుంచి నేర్చుకున్నారు. ఆ పట్టుదల అందరికీ ఉండదు, నాకైతే లేదు.

ఫిబ్రవరిలో పాషన్ స్వరపత్రాలు ఈమెయిల్‌లో వస్తాయి, విభాగ నాయకుల కమాను గుర్తులతో సహా. వచ్చిన రోజే అచ్చు తీయండి. గుర్తులన్నీ మెత్తటి పెన్సిల్‌తో మీ చేత్తో ఎక్కించుకోండి, పెన్ను వద్దు, తొలి రిహార్సల్‌లో సగం మారుస్తారు. పేజీ తిప్పడానికి వీలులేని చోట్లు ముందే చూసి కాగితం అతికించండి. అచ్చు తీసిన ఇంకో ప్రతి సంచిలో పెట్టుకోండి, మీ పక్క కుర్చీ మనిషి తనది ఇంట్లో మరచి వస్తారు.